పైకి వెళ్లి వచ్చిందేనా? స్పేస్ సెంటర్ హ్యూస్టన్‌లో ఒక రోజు

హ్యూస్టన్‌లో స్థిరపడిన తెలుగువారి ఇంటికి ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే, పేర్‌ల్యాండ్‌లోని మీనాక్షి గుడి తర్వాత తీసుకువెళ్లే చోటు స్పేస్ సెంటర్ హ్యూస్టన్. నాసా వారి జాన్సన్ అంతరిక్ష కేంద్రాన్ని ఆనుకొని ఉన్న ఈ ప్రదర్శనశాలను ఇంతకుముందు పిల్లలతో చూశాను గానీ, ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మా నాన్నగారితో వెళ్లినప్పుడే అక్కడ ఏది చూడదగ్గదో తెలిసివచ్చింది. ప్రతి వస్తువు దగ్గరా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఇది నిజంగా పైకి వెళ్లి వచ్చిందేనా?”

ముందుగా కంటబడేది 747 విమానం వీపు మీద కూర్చున్న స్పేస్ షటిల్. విమానం అసలుదే. 1977లో ఎంటర్‌ప్రైజ్ అనే షటిల్‌ను గాలిలోకి మోసుకువెళ్లి వదిలి, ఇంజిన్ల సాయం లేకుండానే అది రన్‌వే మీద దిగగలదని తేల్చిన పరీక్షలలో వాడినది దీనినే. పైనున్న ఇండిపెండెన్స్ మాత్రం పూర్తి పరిమాణంలో కట్టిన నమూనా. ఆ మాట వినగానే నాన్నగారు షటిల్‌లో అయిదు నిమిషాలు, విమానంలో అరగంట గడిపారు. ఫోటోల కోసం జనం గుమిగూడేది నమూనా దగ్గరే గనుక, మాకు విమానం తీరికగా దొరికింది.

నా దృష్టిలో టికెట్టు డబ్బులకు న్యాయం చేసేవి లోపలి మూడు నౌకలు. 1963 మే నెలలో గోర్డన్ కూపర్ ఒంటరిగా భూమిని 22 సార్లు చుట్టివచ్చిన ఫెయిత్ 7 వాటిలో మొదటిది. ప్రయాణం చివరిలో కరెంటు దెబ్బతిని స్వయంచాలక వ్యవస్థ మొరాయించగా, ఆయన చేతి గడియారంతో సమయం లెక్కించుకుని, కిటికీ మీది గీతలతో దిగంతాన్ని సరిచూసుకుంటూ నౌకను తన చేతులతోనే దించి, ఎదురుచూస్తున్న ఓడకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే సముద్రంలో వాలాడు. బ్రేకులు ఫెయిలైన బస్సును ఘాటు రోడ్డులో దించిన డ్రైవరును మెచ్చుకున్నట్టే నాన్నగారు ఆయనను మెచ్చుకున్నారు. రెండోది 1965 నాటి జెమిని 5. ఇంధన ఘటాలతో (ఫ్యూయెల్ సెల్స్) విద్యుత్తును తయారుచేసుకుని దాదాపు ఎనిమిది రోజులు కక్ష్యలో నిలిచిన ఈ నౌకలోనూ కూపర్ ఉన్నాడు, ఈసారి పీట్ కాన్రాడ్ తోడుగా. మూడోది 1972 డిసెంబరులో చంద్రుడి దగ్గర నుంచి చివరి మనుషులను తీసుకువచ్చిన అపోలో 17 కమాండ్ మాడ్యూల్, అంటే వ్యోమగాములు కూర్చునే గది. వాతావరణంలోకి తిరిగి దూసుకువచ్చినప్పుడు కాలిన గుర్తులు దాని ఒంటి మీద ఇప్పటికీ కనిపిస్తాయి. చంద్రశిల ముక్కను వేలితో తాకే అవకాశం కూడా ఉంది.

ట్రామ్ ఎక్కి వెళితే, ప్రత్యేకంగా కట్టిన పెద్ద షెడ్డులో, మనుషులను చంద్రుడి దగ్గరికి పంపిన రకం సాటర్న్ 5 రాకెట్టు పడుకోబెట్టి ఉంటుంది. 110 మీటర్ల పొడవు, అంటే చార్మినార్ ఎత్తుకు దాదాపు రెట్టింపు. ఇది పైకి వెళ్లలేదు, అయినా నమూనా కాదు. మూడు దశలూ మూడు వేర్వేరు రాకెట్ల కోసం తయారైనవే. రద్దయిన చంద్రయాత్రల పుణ్యమా అని మొదటి రెండూ, 1973లో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రానికి చోటివ్వడం కోసం మూడోదీ నేల మీదే మిగిలిపోయాయి. ఒక్కొక్కటీ సుమారు 680 టన్నుల నెట్టుడు బలమిచ్చే అయిదు ఇంజిన్ల వెనుక నిలబడి, నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట తుప్పు పట్టిన దీనిని తరువాత మరమ్మతు చేసి కప్పు కింద ఉంచారట.

1969 నాటి రూపంలోకి తెచ్చి 2019లో తిరిగి తెరిచిన, చంద్రయాత్రలను నేల మీది నుంచి నడిపించిన అపోలో మిషన్ కంట్రోల్ గదిలో, యాష్‌ట్రేలూ కాఫీ కప్పులతో సహా అన్నీ నిన్న మొన్న వదిలి వెళ్లినట్టే ఉంటాయి. అద్దం వెనుక సందర్శకుల కుర్చీల నుంచే చూడాలి. అయితే అక్కడికి చేరడానికి ఎనభైకి పైగా మెట్లు ఎక్కాలి; మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి. మా అమ్మ కిందనే ఆగిపోయింది.

స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్టు ఫాల్కన్ 9 మొదటి దశను ఆరుబయట పడుకోబెట్టారు, దాని కింద నడవవచ్చు. 2017లో రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ క్షేమంగా దిగినది ఇది. టెక్సాస్ ఎండలో దీనిని మధ్యాహ్నం చూడడం కష్టం గనుక, గేటు తెరిచే వేళకే చేరుకుని ముందు ట్రామ్ ఎక్కి, ఫాల్కన్‌ను చూసి, ఎండ ముదిరాక లోపలి నౌకలకు వెళ్లడం మేలు. పూర్తి రోజు కేటాయించండి.