శనివారం బుట్ట, బుధవారం బుట్ట: ఒక దిమ్ సమ్ రెస్టారెంటుతో నాలుగేళ్లు

బెంగళూరు ఇందిరానగర్‌లో వంద అడుగుల రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక చైనా రెస్టారెంటుకు 2021 చివరి నుంచి నెలకు ఒకసారైనా వెళుతున్నాను. మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నందున పేరు రాయడం లేదు. అక్కడి వంట బాగుంటుందా అని అడిగితే, ఏ రోజు, ఏ వేళకు వెళతారని నేను ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

మా ఆఫీసులో చాలామందికి దిమ్ సమ్ అంటే ఖరీదైన మోమో. వీధి మలుపులో ఎర్రటి చట్నీతో దొరికే మోమో టిబెట్, నేపాల్ వైపు నుంచి వచ్చినది. దిమ్ సమ్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతానిది, హాంకాంగ్‌లో బాగా వేళ్లూనుకున్నది. అది ఒక వంటకం పేరు కాదు, టీతో పాటు కొద్దికొద్దిగా తినే చిన్న చిన్న వంటకాలన్నిటికీ కలిపి ఉన్న పేరు. అలా తినడానికి వెళ్లడాన్ని అక్కడివారు యమ్ ఛా, అంటే టీ తాగడం, అంటారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా సాగే ఆ తిండిని మన నగరంలో రాత్రి భోజనంగా మార్చేశారు. ఈ రెస్టారెంటులో మల్లెపూల టీ, పులియబెట్టి నిల్వచేసే ప్యూఎర్ టీ రెండూ దొరుకుతాయి. కెటిల్ ఖాళీ అయినప్పుడు మూత పక్కకు జరిపి పెడితే మళ్లీ నీళ్లు పోయమని గుర్తు. కింది అంతస్తులో వడ్డించే ఒక పెద్దాయన దాన్ని చూసి, పిలవకుండానే వస్తారు. పై అంతస్తులో మూత తీసి అరగంట కూర్చున్నా ఎవరూ రాకపోగా, ఒక కుర్రాడు వచ్చి మూత పెట్టేసి వెళ్లాడు.

ఇలాంటి చోటును తూచడానికి నేను వాడే తూనికరాయి హార్ గావ్ ఒక్కటే. చిన్న వెదురు బుట్టలో ఆవిరి పట్టి, ఆ బుట్టతోనే బల్ల మీదికి తెచ్చే కుడుములాంటిది: లోపల రొయ్య, పైన అద్దంలాంటి పొర. ఆ పొరకు మామూలు గోధుమపిండి పనికిరాదు. జిగురునిచ్చే గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్‌కు కాస్త కర్రపెండలం స్టార్చ్ చేర్చి, మరిగే నీళ్లు పోసి కలుపుతారు. వినాయక చవితి కుడుములకు ఎసట్లో బియ్యప్పిండి పోసి కలియబెట్టడం చూసిన వారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. కానీ కుడుము చల్లారినా కుడుమే, సాయంత్రం దాకా తినవచ్చు. హార్ గావ్‌కు ఆ ఓర్పు లేదు. ఆవిరి మీద నుంచి దించిన కొద్ది నిమిషాలలో తింటే పొర మెత్తగా, కొంచెం సాగుతూ, లోపలి రొయ్య గులాబీ రంగు కనిపించేలా ఉంటుంది. ఆలస్యమైతే బిరుసెక్కి అడుగు కాగితానికి అంటుకుంటుంది, ఎత్తబోతే రొయ్య చేతికీ పొర కాగితానికీ మిగులుతాయి. బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, వంటింటి తలుపుకు దగ్గర బల్ల దొరికినప్పుడు, ఇక్కడి హార్ గావ్ నేను తిన్నవాటిలో మేలైనది. అదే వంటగాళ్లు అదే పిండితో చేసినది శనివారం రాత్రి పై అంతస్తుకు చేరేసరికి చిరిగిపోయి ఉంటుంది. రెండుసార్లు వాదన లేకుండా కొత్త బుట్ట తెచ్చి ఇచ్చారు. మూడోసారి మాత్రం, ఇది ఇలాగే ఉంటుందని నాకు నచ్చజెప్పబోయారు.

తప్పు వంటగాళ్లది కాదని నా అభిప్రాయం. వారాంతంలో ఒక నిర్ణీత ధరకు కావలసినంత తినే పథకం పెట్టారు. పెట్టుబడి రాబట్టుకోవాలన్న ఆత్రంతో ప్రతి బల్లవారూ ఎనిమిది బుట్టలు ఒకేసారి చెబుతారు, అవన్నీ ఒకేసారి దిగుతాయి, రెండు తినేలోపు ఆరు చల్లారుతాయి. షాంఘై వైపు వంటకమైన షావ్ లాంగ్ బావ్‌ను కూడా ఇందులోనే కలిపేశారు. గడ్డకట్టిన రసాన్ని కూరులో కలిపి మూస్తే, ఆవిరి తగిలి లోపలే కరిగి పులుసవడం దాని విశేషం. శనివారాల్లో ఆ పులుసు బుట్ట అడుగున కనిపిస్తుంది.

కిందటేడు మా పిన్ని కాకినాడ నుంచి వచ్చినప్పుడు తీసుకువెళ్లాను. ఆవిడ శాకాహారి. పుట్టగొడుగుల కూరుతో ఉన్నదాన్ని నోట్లో పెట్టుకుని, "ఇది మన కుడుమేరా, పూర్ణం మార్చారంతే" అన్నది. తామరాకులో చుట్టిన జిగురు బియ్యం చూసి పనసాకు బుట్టల్లో పోసే పొట్టిక్కలను తలచుకున్నది. అందులో కోడిమాంసం ఉందని చెప్పగానే చేయి వెనక్కి తీసుకున్నది. ముల్లంగి కేకు దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. వడ్డించే అబ్బాయి అది శాకాహారమేనని గట్టిగా చెప్పాడు. సంప్రదాయ పద్ధతిలో అందులో ఎండు రొయ్యలు, సాసేజి ముక్కలు పడతాయని చదివి ఉన్నందున వంటింట్లో అడిగి రమ్మన్నాను. తిరిగి వచ్చి, రొయ్యపొట్టు ఉందని తల వంచుకుని ఒప్పుకున్నాడు. శాకాహారులు ఆల్చిప్పల మాంసంతో చేసే ఆయిస్టర్ సాస్ సంగతీ విడిగా అడగాలి. కూరగాయల వంటకంలోనూ అది చేరుతుంది. శాకాహార బుట్టను మాంసం బుట్ట కింద పేర్చి ఆవిరి పట్టడం కూడా ఇక్కడ నా కంటపడింది. పై బుట్టలోని రసం ఎటు కారుతుందో చెప్పనక్కరలేదు.

మిగతావి క్లుప్తంగా: పైన మూయకుండా వదిలే మాంసపు కుడుము షూమై ఎప్పుడు వెళ్లినా ఒకేలా ఉంటుంది, ఆలస్యాన్ని తట్టుకుంటుంది. పంది మాంసం కూరు పెట్టిన మెత్తటి బన్ను చార్ షూ బావ్‌లో తీపి ఎక్కువ. బియ్యపు పిండి పొరను చుట్టి సోయా సాస్ పోసే చుంగ్ ఫన్ బాగుంటుంది గాని అందరికీ నచ్చదు, మా ఆవిడ దాన్ని జారుడుబండ అంటుంది. గుడ్డు టార్ట్ తినకపోయినా నష్టం లేదు.

బిల్లు సంగతి. నాలుగు హార్ గావ్‌లున్న బుట్ట మొదట్లో 340 రూపాయలు, ఇప్పుడు 460. సర్వీస్ ఛార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చినా, ఇక్కడ పది శాతం కలుపుతూనే వచ్చారు. తీసేయమంటే తీసేసేవారు, కాని మేనేజరు ముఖం చూసి మన పక్కవాళ్లు ఇబ్బంది పడేవారు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించిన కొన్నాళ్లకు ఆ వరుస బిల్లులోంచి మాయమైంది. ధరలు పెరిగింది కూడా సరిగ్గా అది మాయమైన నెలలోనే.

ఇప్పుడు నేను వారాంతాల్లో వెళ్లడం మానేశాను. ఆఫీసులో సెలవు పెట్టిన రోజున కింది అంతస్తులో కూర్చుని, రెండు బుట్టలకు మించి ఒకేసారి చెప్పను. అవి అయ్యాకే మరో రెండు. సంక్రాంతి తరువాత పిన్ని మళ్లీ వస్తానంది. బుధవారం కలిసొచ్చేలా టికెట్టు తీసుకోమన్నాను.