హనుమకొండలో పాత గేములకు సరైన చోటు చూపే కంప్యూటర్ దుకాణం

హనుమకొండ చౌరస్తా సమీపంలోని ఈ చిన్న సర్వీస్ దుకాణంలో పాత గేములను ఇన్‌స్టాల్ చేసే తీరు మెచ్చుకోదగినది. విండోస్‌లో ప్రోగ్రాములు మామూలుగా చేరే ఫోల్డర్ అయిన ప్రోగ్రామ్ ఫైల్స్‌ను సెటప్ చూపిస్తే అలాగే అంగీకరించకుండా, డీ డ్రైవ్‌లో ‘గేమ్స్’ అనే ఫోల్డర్‌ను విడిగా సృష్టించి గేమును అందులో పెడతారు. ఇందుకు బలమైన కారణమే ఉంది. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని, అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేని పాత ప్రోగ్రామ్ ఏదైనా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, విండోస్ ఆ ఫైలును వర్చువల్ స్టోర్ అనే మరుగు ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. ఆట ఎంతవరకు వచ్చిందో దాచే సేవ్ ఫైళ్లను తమ ఫోల్డర్‌లోనే రాసుకునే అప్పటి గేముల విషయంలో ఇది ఆడేవారికి సేవ్ మాయమైనట్టు, మార్చిన సెట్టింగు నిలవనట్టు కనిపిస్తుంది. ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్‌గా నడపమనే సలహా కన్నా (చాలామంది చెప్పేది అదే) చోటు మార్చడమే మేలని నా అభిప్రాయం. ఫోల్డర్ పేర్లను తెలుగులో కాక చిన్న ఇంగ్లీషు పేర్లుగా పెట్టడం కూడా పాత గేములకు క్షేమం.

రుసుము సబబుగానే ఉంది, సాయంత్రాలు రద్దీ ఎక్కువ. వర్చువల్ స్టోర్‌లో మిగిలిన పాత సేవ్‌లను అడిగితే తప్ప కొత్త చోటికి మార్చరు కనుక, ల్యాప్‌టాప్ అప్పగించేటప్పుడే ఆ మాట చెప్పాలి.