గురకకు పరీక్ష: ఇంట్లో మేలా, ల్యాబ్‌లో మేలా?

ఒంగోలు నుంచి కావలి, నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే హైవేలో రాత్రిళ్లు లారీ నడిపేవాళ్ల గురకను తేలిగ్గా తీసుకోకూడదు. గురక పెడుతుంటే ఒళ్లెరగని నిద్ర అనుకుంటాం. మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ అందుకుంటున్నా, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతున్నా అది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి పదే పదే ఆగే జబ్బు కావచ్చు. పరీక్షతోనే తేలాలి.

ఇంటి పరీక్షకు మామూలుగా ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు పెడతారు. ఖర్చు తక్కువ, ఎవరి మంచం మీద వాళ్లు పడుకోవచ్చు. చీమకుర్తి క్వారీ బండి నడిపే మనిషి ఊరు దాటి వెళ్లి ఓ రాత్రి గడపక్కర్లేదు. కానీ చాలా కిట్లు మెదడు తరంగాలను చూడవు. మేలుకుని దొర్లిన సమయం కూడా లెక్కలో కలిసిపోతుంది. ఎనిమిది గంటల రికార్డింగులో 96 సార్లు ఊపిరికి అడ్డు తగిలితే గంటకు 12 అని వస్తుంది. 15 లోపు కాబట్టి స్వల్పం అంటారు. ఆ మనిషి నిజంగా నిద్రపోయింది ఆరు గంటలే అయితే? గంటకు 16. అది మధ్యస్థం. 30 దాటితే తీవ్రం.

నిద్రను పరీక్షించే ల్యాబ్‌లో అయితే తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు కూడా తీగలు అంటిస్తారు, టెక్నీషియన్ రాత్రంతా గమనిస్తాడు. కొత్తచోట నిద్ర పట్టదన్న టెన్షన్ నిజమే, అయినా వివరం ఎక్కువ దొరుకుతుంది.

గురక, పగటి మత్తు స్పష్టంగా ఉండి వేరే పెద్ద జబ్బులు లేకపోతే ముందు ఇంటి పరీక్షే మేలంటాను. ల్యాబ్‌కు వెళ్లే వీలు లేదని ఏళ్ల తరబడి వాయిదా వేయడం కంటే అదే నయం. గుండె బలహీనత, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకు మాత్రం ల్యాబే సరైనది. ఇంటి పరీక్షలో నార్మల్ అని వచ్చి కునుకుపాట్లు తగ్గకపోయినా ల్యాబ్‌కు వెళ్లాల్సిందే.

అసలు నిద్రే పట్టనివాళ్ల సంగతి వేరు. వాళ్లకు సాధారణంగా ముందు నిద్ర వేళల డైరీ, అలవాట్లు మార్చే చికిత్స కావాలి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు. ఆప్నియా ఉంటే కొన్ని మాత్రలు ఊపిరిని ఇంకా అణచేస్తాయి.

డాక్టరు దగ్గరికి పక్కన పడుకునే మనిషిని తీసుకెళ్లండి. ఊపిరి ఆగడం చూసేది వాళ్లే. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే మరీ మంచిది. చికిత్స కుదిరి మత్తు తగ్గేదాకా స్టీరింగ్ వేరేవాళ్లకు ఇవ్వండి.