దవడ ఎముక గుంటకు ఏ గ్రాఫ్ట్ మేలు? జంతు అధ్యయనాల్లో మూడు పదార్థాల పోలిక

ఎముకలో ఏర్పడిన గుంటను నింపే పదార్థమే గ్రాఫ్ట్: అదే జంతువు నుంచి తీసిన సొంత ఎముక, పశువుల ఎముక నుంచి తీసిన ఖనిజం, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే కృత్రిమ కాల్షియం లవణం. దవడ ఎముకపై జరిగే జంతు అధ్యయనాల్లో ఎక్కువగా తలపడేవి ఈ మూడే. పట్టికలో ‘కొత్త ఎముక శాతం’ ఎవరికి ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు రాసేస్తుంటారు. ఎన్ని వారాలకు కొలిచారో, నింపిన గ్రాఫ్ట్ రేణువులు ఎంత మిగిలాయో, గుంట మొదటి ఆకారం నిలిచిందో లేదో చూడకుండా ఆ తీర్పు చెల్లదు.

మొదటి నాలుగు వారాల పందెమైతే సొంత ఎముకదే పైచేయి. అందులో బతికున్న కణాలుంటాయి, ఎముక కట్టమని సంకేతమిచ్చే ప్రొటీన్లుంటాయి, రక్తనాళాలు పాకడానికి ఆసరా ఉంటుంది. మినీపంది దవడలో పక్కపక్క గుంటల్లో పోల్చినప్పుడు రెండో వారానికే ఈ తేడా బయటపడుతుంది. అయితే ఎముకను ఎలా తీశారన్నది ముఖ్యం. స్క్రేపర్‌తో గీకినవి, బోన్ మిల్లులో నలగ్గొట్టినవి మంచి ముక్కలు. డ్రిల్లు చేస్తుండగా సక్షన్ జల్లెడలో చిక్కిన పొడిలో బతికిన కణాలు తక్కువ, పైగా లాలాజలంతో వచ్చిన బ్యాక్టీరియా ఉంటుంది. తీసిన ముక్కలు గుంటలోకి వెళ్లేదాకా సెలైన్‌లోనో రక్తంలోనో తడిగా ఉండాలి. ఎలుకలో ఇంకోచోట కోయడం కష్టం కనుక ట్రెఫైన్‌తో (గుండ్రంగా కోసే గొట్టం లాంటి డ్రిల్లు బ్లేడు) తీసిన బిళ్లనే నలిపి తిరిగి నింపుతారు. బ్లేడు మందం మేర ఎముక పొడిగా కొట్టుకుపోతుంది కాబట్టి గుంట వెలితిగా మిగిలిపోవచ్చు. ఆ వెలితిని సొంత ఎముక బలహీనతగా రాయకూడదు. దాని అసలు బలహీనత వేరు: కొన్ని నెలల్లో కొంత భాగం కరిగిపోతుంది, పరిమాణం తగ్గుతుంది.

పశువుల ఎముక ఖనిజం స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. ప్రొటీన్ అంతా తీసేశాక మిగిలే హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలోని ఖనిజం) జల్లెడ లాంటి నిర్మాణం అది. తనంతట తాను ఎముకను పుట్టించదు, గుంట అంచుల నుంచి వచ్చే ఎముకకు దారి చూపుతుందంతే. కరగడం చాలా నెమ్మది, 8 వారాల అధ్యయనంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనపడదు. ఆకారం నిలపాల్సిన చోట ఇదే దాని విలువ. కుక్క దవడలో పన్ను పీకిన 8 వారాలకు బయటి గోడ లోపలి గోడకన్నా సుమారు 2 మి.మీ. కిందికి దిగిపోతుందని అరౌజో, లిండే 2005లో చూపించారు. అలాంటి సాకెట్‌లో (పన్ను పీకిన గుంటలో) ఈ ఖనిజం నింపితే ఒడ్డు, అంటే గుంట పై అంచు, కుంగడం తగ్గుతుంది, కానీ లోపల ఎముక నిండడం ఆలస్యమవుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు.

ట్రైకాల్షియం ఫాస్ఫేట్ కరిగిపోయి తన చోటును ఎముకకు ఇస్తుంది. చిక్కల్లా వేగంలో ఉంది. ఎముక చేరేలోపే కరిగితే ఆ ఖాళీలో మెత్తటి కణజాలం దూరుతుంది, ఒడ్డు కుంగుతుంది. రేణువులు మరీ సన్నగా ఉంటే మాక్రోఫేజ్‌లు (పరాయి వస్తువులను మింగే రోగనిరోధక కణాలు) మింగడానికి ఎగబడి వాపు పెరుగుతుంది. అందుకే ఎక్కువమంది 0.25 నుంచి 1 మి.మీ. మధ్య రేణువులు వాడతారు. గుంటలో గట్టిగా దట్టించినా ముప్పే, రేణువుల మధ్య రక్తనాళాలకు సందు ఉండదు. హైడ్రాక్సీఅపటైట్‌తో దీన్ని కలిపిన మిశ్రమాల్లో (ముందు అంకె హైడ్రాక్సీఅపటైట్‌ది) 60:40 పాళ్లది పశువుల ఖనిజం దారిలో, 20:80 పాళ్లది ట్రైకాల్షియం ఫాస్ఫేట్ దారిలో నడుస్తుంది.

ఇప్పుడు ఆ శాతం సంగతి. ఊహకు రెండు అంకెలు తీసుకుందాం. పశువుల ఖనిజం నింపిన గుంటలో 25 శాతం కొత్త ఎముక, 40 శాతం రేణువులు. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ గుంటలో 35 శాతం కొత్త ఎముక, 5 శాతం రేణువులు. పైపైన చూస్తే రెండోదే గెలుపు. కానీ మొదటి గుంటలో ఎముకకు దొరికిన చోటే 60 శాతం. ఆ 60లో 25 అంటే దాదాపు 42 శాతం నిండింది. రెండోదానిలో 95లో 35, అంటే 37 శాతమే. రెండు లెక్కలూ ఇవ్వాలి. భాగహారంలో కింద ఉండాల్సింది గుంట మొదటి విస్తీర్ణం. కుంగిపోయాక మిగిలిన విస్తీర్ణంతో భాగిస్తే కుంగిన పదార్థానికే మార్కులు పడతాయి.

ఈ మూడూ కాక, దాత ఇచ్చిన మానవ ఎముకను ఖనిజం తీసేసి మామూలు కుందేలులో పెట్టి, పనిచేయలేదని రాసే అధ్యయనాలను పక్కన పెట్టేయొచ్చు. జాతి మారినప్పుడు రోగనిరోధక స్పందన వస్తుంది. దాన్ని పరీక్షించాలంటే థైమస్ గ్రంథి లేక పరాయి కణజాలాన్ని తిరస్కరించలేని ఎలుకలు కావాలి.

నా లెక్కలో ఎంపిక ఇలా ఉంటుంది: త్వరగా ఎముక కావాలా అన్న ప్రశ్నకు సొంత ఎముక, ఒడ్డు నిలవాలా అంటే పశువుల ఖనిజం, లేదా దానికి సొంత ఎముక కలిపినది, చివరికి పరాయి పదార్థమేమీ మిగలకూడదంటే ట్రైకాల్షియం ఫాస్ఫేట్, అదీ గోడలు నాలుగువైపులా ఉన్న గుంటలోనే. ఏ ప్రశ్నకైనా ఖాళీగా వదిలిన గుంట ఒకటి తప్పనిసరి. అదే దానంతట మూసుకుపోతే మిగతా పోలికకు అర్థం లేదు. ఎలుక దవడ కోణంలో 5 మి.మీ. ఆరపార రంధ్రం వాడుకలో ఉంది. ముందుకు జరిగితే ట్రెఫైన్ కొరికే ముందు పన్ను వేరుకు తగులుతుంది, ఎలుకలో ఆ వేరు దవడ పొడవునా సాగుతుంది. నెమ్మదిగా తిప్పుతూ సెలైన్ ధారగా పోయాలి. 47 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలినా అంచు ఎముక చచ్చిపోతుంది, అప్పుడు ఏ గ్రాఫ్ట్ అయినా ఓడినట్టే కనిపిస్తుంది.

కాలం విషయంలో జంతువుల మధ్య తేడా పెద్దది. ఎముక ఒక మరమ్మతు చక్రం పూర్తి చేయడానికి కుందేలుకు సుమారు 6 వారాలు, కుక్కకు 12, మనిషికి 17 నుంచి 18. కుందేలులో 8 వారాల ఫలితాన్ని మనిషిలో 8 వారాలకు అంటగట్టకూడదు.

కొలతలో పొరపాట్లు మరీ తరచు. మైక్రో సీటీ (సూక్ష్మ వివరాలు చూపే ఎక్స్‌రే స్కాన్) ఒక్కటే చూస్తే పశువుల ఖనిజం రేణువులు కూడా ఎముకలాగే తెల్లగా కనబడతాయి, రెంటినీ వేరుచేసే సాంద్రత హద్దు ఎక్కడ పెట్టినా కొంత కలిసిపోతుంది. ఖనిజం తీయకుండా రెసిన్‌లో పోత పోసి అరగదీసిన సెక్షనే (సూక్ష్మదర్శినిలో చూసే పలుచటి కోత) నమ్మదగినది. ఖనిజం తీసేసిన సెక్షన్‌లో రేణువుల చోట ఖాళీలే మిగులుతాయి. సెక్షన్ గుంట నడిమిగా వెళ్లాలి. 8 మి.మీ. గుండ్రటి రంధ్రంలో నడిమికి 2 మి.మీ. పక్కన కోస్తే వెడల్పు 6.9 మి.మీ.గా కనబడుతుంది, అంచు దగ్గరవుతుంది, ఎముక ఎక్కువ నిండినట్టు భ్రమ కలుగుతుంది. ఒకే జంతువులో నాలుగు గుంటలు చేసి వాటిని నాలుగు జంతువులుగా లెక్కించడం ఇంకో దొంగదారి. గణాంకాల్లో లెక్కకు రావాల్సింది జంతువు, గుంట కాదు. ఏ పదార్థం ఏ గుంటలోకి వెళ్లాలో చీటీ తీసినట్టు నిర్ణయించాలి, ఎందుకంటే దవడ ముందు భాగానికీ వెనుక భాగానికీ ఎముక ఒకేలా ఉండదు.