జయనగర్‌లో కుటుంబ మధ్యవర్తిత్వం: ఐదు సిట్టింగులు, ఒక లెక్కల కాగితం

బెంగళూరులో జయనగర్ మెట్రో స్టేషను నుంచి పది నిమిషాల నడక దూరంలో, ఒక పాత ఇంటి మేడమీద నడుస్తున్న ప్రైవేటు కుటుంబ మధ్యవర్తిత్వ సంస్థకు 2025 అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య మేము ఐదు సార్లు వెళ్లాము. మేము అంటే హిందూపురం నుంచి మా అమ్మానాన్నలు, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి తమ్ముడూ మరదలూ, బనశంకరి నుంచి నేను. సంస్థ పేరు రాయడం లేదు. లోపాలు కూడా చెప్పబోతున్నాను, పైగా మా చుట్టాల్లో సగం మంది ఈ ఊళ్లోనే ఉన్నారు. పేరు లేకపోయినా, ఇటువంటి చోట ఏం జరుగుతుందో, దేనికి డబ్బు పెట్టవచ్చునో, దేనికి పెట్టనవసరం లేదో తెలిస్తే ఇదే ఇరకాటంలో ఉన్నవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

మా తగవు చాలా ఇళ్లలో ఉండేదే. హైస్కూలు ప్రధానోపాధ్యాయుడిగా 2018లో పదవీ విరమణ చేసిన నాన్న, చేతికి వచ్చిన డబ్బులో 20 లక్షలు తమ్ముడి ఫ్లాటుకు ఇచ్చారు. ఆ సంగతి నాకు ఏడేళ్ల తరువాత, ఆయన కంటి శుక్లాల ఆపరేషనుకు బీమా కాగితాలు వెతుకుతుండగా బయటపడిన పాత పాసుబుక్కు చెప్పింది. 2020లో మావారి జీతం సగానికి కోసినప్పుడు నేను రెండు లక్షలు సర్దమని అడిగితే, 'చేతిలో ఏమీ లేదమ్మా' అన్నారు నాన్న. అది అబద్ధం కాదు, నిజంగానే లేదు. ఎందుకు లేదో మాత్రం చెప్పలేదు. పాసుబుక్కులో ఆ వరుస చూసినప్పుడు నన్ను కోసింది 20 లక్షల అంకె కన్నా ఆ ఫోను సంభాషణ.

మొదట ఇంటి పద్ధతిలోనే ప్రయత్నం చేశాము. మేనమామ పెద్దమనిషిగా కూర్చుని, కాఫీ చల్లారకముందే తీర్పు చెప్పేశారు: 'ఆడబిడ్డకు పసుపు కుంకుమ కింద ఇచ్చిందిచ్చినాం, మొగపిల్లోనికి ఇల్లు ఏర్పాటు చేసినాం, ఇంకేముంది?' ఆ తరువాత మూడు నెలలు నేనూ తమ్ముడూ మాట్లాడుకోలేదు. కోర్టుకు పోవాలనే ఆలోచన ఇద్దరికీ లేదు. కోర్టుల్లో ఉన్న వ్యాజ్యాలను రాజీకి పంపే బెంగళూరు మధ్యవర్తిత్వ కేంద్రం సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగుల భవనంలో 2007 నుంచి పనిచేస్తోందని తెలుసు గాని, మాకు వ్యాజ్యమంటూ లేదు కదా. అందుకే ప్రైవేటు సంస్థను వెతుక్కున్నాము.

మధ్యవర్తి యాభై దాటిన న్యాయవాది. ఆమె మాతృభాష కన్నడం, పెరిగింది కోలారు పక్కన కావడంతో తెలుగు కూడా ఇంటి భాషలాగే మాట్లాడతారు. నాన్నకు కన్నడం వచ్చు కనుక, కొన్ని విషయాలు ఆయన మాతో తెలుగులో చెప్పలేనివి ఆమెతో కన్నడంలో చెప్పుకోగలిగారని నాకనిపించింది. మొదటి సిట్టింగులో ఎవరినీ ఎవరితోనూ కలపరు. విడివిడిగా కూర్చోబెట్టి, ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇస్తారు. ఈ సేవలో విలువైనది ఏదైనా ఉంటే అది ఆ కాగితమే, కనుక దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

ఆ కాగితంలో ఐదు గడులు ఉంటాయి: ఏ ఆర్థిక సంవత్సరం, ఎంత, దేనికోసం, అప్పుగానా ఉత్తినేనా, అప్పట్లో ఎవరెవరికి తెలుసు. తల్లిదండ్రుల నుంచి తమకు అందినది ఎవరికి వారే రాయాలి, అవతలివారికి అందినది రాయకూడదు. చదువు ఖర్చులు ఇద్దరికీ నాన్నే పెట్టారు కనుక వాటిని వదిలేశారు. నా పెళ్లి 2010-11లో జరిగింది; నగలకు 4 లక్షలు, పెళ్లి ఖర్చు మరో 6 లక్షలు అయ్యాయి. తమ్ముడు మొత్తం పది లక్షలూ నా లెక్కలోకే రావాలన్నాడు. ఐదు వందల మంది తిన్న భోజనం నాకు అందిన సొమ్ము ఎలా అవుతుందని నేను అడిగాను. వచ్చినవాళ్లలో నాలుగు వందల మంది నాన్న పిలిచినవాళ్లే. మధ్యవర్తి నగలు ఉంచి, భోజనాలు తీసివేశారు.

ఆపైన అసలు చిక్కు వచ్చింది. పదిహేనేళ్ల కిందటి 4 లక్షలనూ ఏడేళ్ల కిందటి 20 లక్షలనూ ఒకే తక్కెడలో తూచడం ఎట్లా? బంగారాన్ని బంగారం ధరతోనే చూడాలని తమ్ముడి వాదన. పది గ్రాములు లక్ష దాటిన సంవత్సరం కాబట్టి అది అతనికి లాభం. అలాగైతే నీ 20 లక్షలను ఈనాటి ఫ్లాటు ధరతో చూడాలని నేను. గంటసేపు ఇదే. చివరకు మధ్యవర్తి, ఆస్తి అమ్మకాల మీద పన్ను లెక్కకు ఆదాయపు పన్ను శాఖ ఏటా ప్రకటించే ద్రవ్యోల్బణ సూచీని బల్ల మీద పెట్టి, ఇద్దరికీ నచ్చకపోయినా ఇద్దరికీ ఒకటే కొలత అన్నారు. ఆ సూచీ 2010-11లో 167, 2018-19లో 280, 2025-26లో 376. దాని ప్రకారం తమ్ముడి 20 లక్షలు ఈనాటి 26 లక్షల 86 వేలకు సమానం; నా నగల 4 లక్షలు 9 లక్షల చిల్లరకు సమానం. అక్కతమ్ముళ్ల మధ్య ఇలాంటి లెక్క వేసుకోదలచినవారు ఈ సూచీని ఇంట్లో కూర్చుని కూడా వాడుకోవచ్చు, దానికి ఎవరికీ ఫీజు కట్టనక్కరలేదు.

అయితే ఇంట్లో కూర్చుని మేము చేయలేకపోయిన పని ఆ ఐదో గడి చేసింది. మూడో సిట్టింగులో అందరి కాగితాలూ అందరి ముందూ చదివారు. తమ్ముడి వరుసలో, అతని దస్తూరీలోనే, 'నాన్న, అమ్మ, నేను, మా ఆవిడ' అని ఉంది. ఆ గడిలో నా పేరు లేదన్న సంగతి చదువుతూ చదువుతూ అతనే గమనించి ఆగిపోయాడు. నేను లోలోపల గెలిచాననుకున్నాను. తరువాత నా కాగితం చదివారు. 2015-16లో మావారి ఉద్యోగం పోయినప్పుడు అమ్మ తన నాలుగు గాజులు అమ్మి నాకు 3 లక్షలు ఇచ్చింది. అది నేనే రాశాను, దాచలేదు. కానీ ఐదో గడిలో 'అమ్మ, నేను' అని రెండే పేర్లు ఉన్నాయి. నాన్న అమ్మ చేతుల వైపు చూశారు. పదేళ్లుగా ఆమె వేసుకుంటున్నవి గిల్టువని ఆయనకు ఆ రోజే తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యవర్తి కూడా ఏదో ఒకటి అని ఆ నిశ్శబ్దాన్ని పాడు చేయకుండా, పది నిమిషాలు విరామమిచ్చి టీ తెప్పించారు. ఆమెకు నేను పూర్తి మార్కులు వేసేది ఇక్కడే.

గాజుల లెక్క 4 లక్షల 44 వేలు కూడా కలిపాక, ఇద్దరికీ మధ్య తేడా 13 లక్షల 41 వేలుగా తేలింది. ఇదివరకు తమ్ముడు నా రెండు కానుపులకూ అమ్మ బెంగళూరులో వచ్చి ఉన్న పద్నాలుగు నెలలను కూడా చేర్చమన్నాడు. మధ్యవర్తి దానికి వెల కట్టనన్నారు, గాజుల సంగతి విన్నాక అతనూ మళ్లీ అడగలేదు.

చట్టం గురించి మధ్యవర్తి చెప్పిన తీరు కూడా బాగుంది. పసుపు కుంకుమ ఇచ్చినంత మాత్రాన పిత్రార్జితంలో కూతురి హక్కు పోదనీ, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తరువాత కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కుదారు అనీ, దాన్ని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు మరింత స్పష్టం చేసిందనీ మేనమామ తీర్పుకు జవాబుగా చెప్పారు. అంతే నిక్కచ్చిగా నాకు గిట్టని మాట కూడా చెప్పారు: నాన్న స్వార్జితం ఆయన ఇష్టం, బతికుండగా ఒక బిడ్డకు ఎక్కువ ఇచ్చిన సొమ్మును తరువాత వాటాలోంచి మినహాయించాలనే నిబంధన ఆ చట్టంలో లేదు. ఆ 20 లక్షలు అప్పు అని ఇప్పుడు అన్నా, కాగితం లేని చేబదులు మీద మూడేళ్లు దాటాక కోర్టులో రాబట్టుకోవడం కుదరదు. అంటే సరిచేయగలిగినది నాన్న ఒక్కరే, అదీ ఆయన మనసొప్పితేనే. 'ఇచ్చినప్పుడు లెక్క రాసి పెట్టుకోలేదు, ఇప్పుడు రాస్తాను' అన్నారాయన. హిందూపురంలోని ఇల్లు ఆయన స్వార్జితం కనుక, అది అమ్మిన సొమ్ములో ముందు 13 లక్షల 41 వేలు నాకు, మిగిలినది చెరిసగం అని వీలునామాలో రాయించారు. ఇల్లు ఇప్పుడే తమ్ముడికి దానంగా రాసివ్వాలన్న మాట కూడా నడుమ వచ్చింది. అలా ఇస్తే తల్లిదండ్రుల పోషణ బాధ్యతను షరతుగా దస్తావేజులోనే రాయించుకోవాలని, 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టంలోని 23వ సెక్షను రక్షణ, అంటే పోషించకపోతే దానాన్ని రద్దు చేయించుకునే వీలు, ఆ షరతు మీద ఆధారపడి ఉంటుందని ఆమె హెచ్చరించారు. ఆ మాటతో అమ్మ దానం ఆలోచన వదిలేసింది.

ఇక లోపాలు. రెండు గంటల సిట్టింగుకు 6,000 రూపాయలు. అది ముందే చెప్పారు, ఇబ్బంది లేదు. తమ్ముడికి రాత్రి షిఫ్టు పడి ఒకసారి రాలేనని ముందు రోజే ఫోను చేసినా, సగం ఫీజు వసూలు చేశారు. ఆ నియమం మాకిచ్చిన ఒప్పంద పత్రంలో ఎక్కడా లేదు. అడిగితే, గోడకు అంటించిన నోటీసు చూపించారు, అది కూడా ఇంగ్లీషులో. వీలునామా ముసాయిదా మొదట ఇంగ్లీషులోనే ఇచ్చారు. తెలుగు ప్రతికి మరో 4,500 తీసుకున్నారు. ఆ తెలుగు ప్రతిలో ఇంటి హద్దులు తూర్పు పడమరలు తారుమారయ్యాయి. హద్దులు తప్పిన దస్తావేజు రేపు మరో తగవుకు పునాది అని వారికి తెలియకపోదు. చివరకు హిందూపురంలో ఒక దస్తావేజు లేఖరి ఐదు వందలకు, అరగంటలో, మంచి తెలుగులో తిరగరాసి ఇచ్చాడు. వాటాలు అందుకునేవారు కాకుండా ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా నాన్న పట్టుబట్టి చేయించారు. కాబట్టి అక్కడికి వెళ్లేవారు మాటల వరకు వారి దగ్గర కానిచ్చుకుని, రాతకోతలు తమ ఊళ్లోనే చేయించుకోవడం మేలు.

ఇంకో మాట. మరదలితో విడిగా మాట్లాడింది ఇరవై నిమిషాలే. ఇల్లు చేయి దాటిపోతుందన్న భయం అందరికన్నా ఆమెకే ఎక్కువగా ఉంది. ఆమె ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది. కోడళ్లనూ అల్లుళ్లనూ పక్క కుర్చీల్లో కూర్చోబెట్టి వదిలేయడం ఈ సంస్థ పద్ధతిలో ఉన్న లోపమని నా అభిప్రాయం. మావారిని అసలు రమ్మననే లేదు.

లెక్కల కాగితం మూలప్రతి ఇప్పుడు అమ్మ బీరువాలో ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే నాన్న దస్తూరీలో ఒక కొత్త వరుస కనిపించింది: తమ్ముడి కారుకు లక్షన్నర, అప్పుగా. ఐదో గడిలో నా పేరు కూడా ఉంది. ఆ సంగతి వారం ముందే తమ్ముడు ఫోను చేసి చెప్పాడు మరి.

నా లెక్కన ఈ సంస్థకు ఐదుకు మూడున్నర మార్కులు. బొమ్మసంద్ర వైపు నుంచి వచ్చేవారు యెల్లో లైనులో ఆర్వీ రోడ్డు దాకా వచ్చి, గ్రీన్ లైనుకు మారితే తరువాతి స్టేషనే జయనగర్. పెద్దవాళ్లకు వినికిడి తక్కువైతే వెనకవైపు గది కావాలని ఫోనులోనే అడగండి. ముందుగది కిటికీ కిందే ఆటో స్టాండు ఉంది. ఆ రొదలో మొదటి సిట్టింగులో నాన్నకు సగం మాటలు వినబడలేదు.