లేజర్‌తో అతికిన నైలాన్ ఎంత గట్టిది? ఆరేళ్ల వాడకం తర్వాత నా మాట

శ్రీపెరుంబుదూరు దగ్గరి ఒక విడిభాగాల కర్మాగారంలో ఆరేళ్లుగా 980 నానోమీటర్ల (కంటికి కనబడని పరారుణ కిరణం) డయోడ్ లేజర్ వెల్డింగ్ యంత్రం నడుపుతున్నాను. మేము అతికేవి కార్ల సెన్సర్ పెట్టెలు. పెట్టె, మూత రెండూ నైలాన్ 66తో చేసినవే, అందులో 30 శాతం గాజు పీచు ఉంటుంది. యంత్రం కొనబోయేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: ప్లాస్టిక్ ఎంత గట్టిదో అతుకూ అంత గట్టిగా ఉంటుందా? గాజు పీచు కలపని ప్లాస్టిక్ అయితే చాలావరకు ఉంటుంది. మా పెట్టెల విషయంలో మాత్రం ఉండదు.

తేమ లేని మామూలు నైలాన్ 66 తన్యత బలం (లాగితే తెగకుండా ఎంత తట్టుకుంటుందో ఆ కొలత) దాదాపు 80 మెగాపాస్కల్. 30 శాతం గాజు కలిస్తే అది 180 దాకా పోతుంది. ఆ పెరుగుదలంతా పీచు పుణ్యమే. లేజర్ కరిగించేది మూత, పెట్టె ఒకదానికొకటి తాకే చోట ఉన్న పలచని పొరను. ఆ పొరలో పీచు అతుకును దాటి అవతలికి వెళ్లదు, ఎక్కువగా అతుకు గీత వెంబడే పడుకుంటుంది. అతుకును అడ్డంగా కోసి, నునుపుగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడండి. మూత వైపు నుంచి గానీ పెట్టె వైపు నుంచి గానీ అవతలి ఒడ్డుకు చేరిన పోగు దాదాపుగా కనబడదు. అందుకే అతుకు బలం గాజు లేని నైలాన్ బలం దగ్గరే ఆగిపోతుంది. మా మొదటి డిజైన్‌లో ఈ లెక్క వేసుకోలేదు. ఒత్తిడి పరీక్షలో పెట్టెలన్నీ అతుకు దగ్గరే విడిపోయాయి. అతుకు వెడల్పు పెంచాకే అతుకు కంటే ముందు పెట్టె గోడ పగలడం మొదలైంది.

లేజర్ శక్తి పెంచితే బలం పెరుగుతుందనుకోవద్దు. కొంతవరకే పెరుగుతుంది, ఆ తర్వాత నైలాన్ మాడి బుడగలు పుట్టి బలం పడిపోతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది తేమ. మూడో ఏడు ఈశాన్య రుతుపవనాల వానల్లో మూతలు తెరిచిన సంచుల్లో కొన్ని రోజులు ఉండిపోయాయి. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అతికేటప్పుడు ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది. యంత్రం సెట్టింగుల్లో ఏ మార్పూ లేకపోయినా లీకులు మొదలయ్యాయి. ఒకదాన్ని కోసి చూస్తే అతుకు పొడవునా స్పాంజిలా చిల్లులు. అప్పటి నుంచి అచ్చులోంచి తీసిన భాగాలను వెంటనే సీలు వేసిన సంచుల్లో పెడుతున్నాం, ఆలస్యమైతే ఆరబెట్టాకే వాడుతున్నాం.

మూత సంగతీ చిన్నది కాదు. కిరణం మూత గుండా దిగాలి, కింది పెట్టెలో కలిపిన కార్బన్ బ్లాక్ (నల్లటి మసి పొడి) దాన్ని పీల్చుకుని వేడెక్కాలి. మూత నల్లగా కావాలంటే పరారుణ కిరణాలను అడ్డుకోని ప్రత్యేకమైన రంగు కలపాలి. మూత మందం పెరిగినా, పీచు ఒకచోట గుమిగూడినా కిందికి చేరే కిరణం తగ్గుతుంది. అందుకని ఒకే మూతలో గేటు (అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్ దిగే చోటు) దగ్గర ఒక తీరుగా, చివర్న ఇంకో తీరుగా అతుకుతుంది. బిగింపు సరిగా లేక రెండింటి మధ్య సందు మిగిలితే వేడి అవతలికి పోదు, అక్కడ అతుకే ఉండదు.

ఇన్ని జాగ్రత్తలు కోరినా దీన్ని వదిలి, వేగంగా అదిరించి అతికే అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌కు తిరిగి వెళ్లను. ఆ అదురుకు లోపలి టంకాలు ఊడిపోయేవి, ప్లాస్టిక్ పొడి రాలేది. లేజర్‌తో ఆ రెండు బాధలూ లేవు.

ఇప్పటికీ ప్రతి షిఫ్టులో మొదటి పెట్టెను నా చేత్తోనే విరగ్గొడతాను. మూత నున్నగా, మెరుస్తూ ఊడి వస్తే ఉత్పత్తి ఆపేస్తాను. పెట్టెలోని ప్లాస్టిక్ గరుకుగా చిరిగి మూతకు అంటుకుని వస్తేనే రెండో పెట్టెను ఎక్కిస్తాను.