లీడర్ కొనాలా, కట్టుకోవాలా: మాక్సిమా కెమీలియన్ స్పూళ్ళ మీద నా రివ్యూ

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డ్రై ఫ్లైతో, అంటే నీళ్ళమీద తేలే పురుగులాంటి ఎరతో, ట్రౌట్ చేపని పట్టాలనుకునేవాళ్ళకి మాక్సిమా కంపెనీ కెమీలియన్ నైలాన్ దారం స్పూళ్ళు నాలుగు, వాటితోపాటు మెత్తటి టిప్పెట్ (ఫ్లైని కట్టే చివరి సన్నటి దారం) స్పూళ్ళు రెండు ఉంటే చాలు. లీడర్ల (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే దారం) కోసం మళ్ళీ చాలాకాలం షాపుకి వెళ్ళే పనుండదు, పైగా మీ వాగుకి, మీ చేతివాటానికి సరిపడే లీడర్ మీ దగ్గర ఉంటుంది. అలాగని కెమీలియన్ అన్నిటికీ పనికొచ్చే దారమని చెప్పను. లీడర్‌లో పై భాగానికి ఇంతకన్నా మంచిది నేను వాడలేదు, కింద చివరికి మాత్రం దీన్ని కట్టొద్దనే అంటాను. అమెరికాలో కొత్తగా ఫ్లై రాడ్ పట్టుకున్న తెలుగువాళ్ళు నన్ను అడిగేదంతా రాడ్ గురించే, ఏ కంపెనీది, ఎన్ని అడుగులది, ఎంత పెట్టొచ్చు అని. లీడర్ గురించి అడిగేవాళ్ళు అరుదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మామూలు గాలంలో ఎర బరువో సీసం బరువో దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే ఉండదు, చిన్న కొక్కానికి చుట్టిన ఈకలు, దారం, అంతే. ఇక్కడ దూరం పోయేది లావుగా పూత పూసిన ఫ్లై లైన్ బరువు వల్ల. ఆ లావు లైన్‌కీ, సన్నటి ఫ్లైకీ మధ్య తొమ్మిది పది అడుగుల పారదర్శకమైన దారం ఉంటుంది చూడండి, అదే లీడర్. ఎడ్లబండి తోలేవాళ్ళ చెర్నాకోల ఎలా మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడుతుందో ఇదీ అంతే, చేతి దగ్గర పుట్టిన ఊపు ఎక్కడా తెగకుండా కొసదాకా పాకాలి. మధ్యలో ఒక్కచోట లావు నుంచి సన్నానికి ఒక్కసారిగా దిగిపోతే ఊపు అక్కడే ఆగిపోయి ఫ్లై వెనక్కి కుప్పగా పడుతుంది. కాస్టింగ్ రావట్లేదని బాధపడేవాళ్ళలో కొందరి సమస్య చేతిలో ఉండదు, లైన్ చివర ఉన్న ఈ పది అడుగుల్లో ఉంటుంది.

కొనేముందు లావుల లెక్క ఒకటి తెలియాలి. టిప్పెట్ స్పూల్ మీద 4ఎక్స్, 5ఎక్స్ అని ఉంటుంది కదా, 11 లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులో వస్తుంది. 5ఎక్స్ అంటే 0.006 అంగుళం, 3ఎక్స్ అంటే 0.008. నైలాన్ రాకముందు లీడర్లు పట్టుపురుగు లోపలి పట్టు గ్రంథిని సాగదీసి చేసేవారు, స్పెయిన్‌లో ముర్సియా ప్రాంతం దానికి పేరు. ఆ తీగని సన్నం చెయ్యడానికి చిన్న కంతల్లోంచి లాగేవారు, ఎన్నిసార్లు లాగితే అన్ని ఎక్స్‌లు. 1938లో డ్యూపాంట్ నైలాన్ ప్రకటించాక, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ పట్టుతీగలు మెల్లగా మూలపడ్డాయి, లెక్క మాత్రం అలాగే మిగిలింది. నేను చెప్పేదేమిటంటే ఎప్పుడూ పౌండ్లు (దారం తెగకుండా ఎంత బరువు ఆగుతుందో ఆ లెక్క) చూసి కొనకండి, లావు చూసి కొనండి. ఒకే పౌండ్లున్న రెండు కంపెనీల దారాలు లావులో బాగా తేడాగా ఉండొచ్చు, ఊపు పాకేది లావునీ గట్టిదనాన్నీ బట్టి. లావు కొలిచే చిన్న మైక్రోమీటర్ ఒకటి కొనుక్కుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు కెమీలియన్ సంగతి. గోధుమరంగులో ఉంటుంది, నీళ్ళలో మెరవదు, ముట్టుకుంటేనే తెలుస్తుంది గట్టిగా ఉంటుందని. ఆ గట్టిదనమే దీని గుణం. 25 పౌండ్లది 0.020 అంగుళం, 20 పౌండ్లది 0.017, 15 పౌండ్లది 0.015, 10 పౌండ్లది 0.012, 8 పౌండ్లది 0.010. ఇలా మెట్లు మెట్లుగా దొరకడం వల్ల లీడర్ కట్టడం చాలా సులువు. పై భాగం గట్టిగా ఉంటే ఎదురుగాలిలో కూడా ఫ్లై తిరిగి ముందుకు పడుతుంది. ముడి కూడా దీంట్లో బాగా కూర్చుంటుంది, తడిపి మెల్లగా బిగిస్తే జారదు.

కింద చివరికి ఎందుకు వద్దంటున్నానంటే, ఇదే కెమీలియన్ 4 పౌండ్లది 0.007 అంగుళం, అంటే 4ఎక్స్ లావు. ఇప్పుడు వచ్చే మంచి నైలాన్ టిప్పెట్ అదే 4ఎక్స్ లావులో ఆరు పౌండ్ల దాకా ఆగుతుంది. అంటే సన్నటి సైజుల్లో కెమీలియన్ తీసుకుంటే అదే బలానికి లావు ఎక్కువ, గట్టిదనం ఎక్కువ, చేపకి అనుమానం తెప్పించడానికి రెండూ చాలు. చిన్నచేపల్లా కనిపించే పెద్ద స్ట్రీమర్ ఫ్లైలకి ఇది చివరిదాకా వాడేవాళ్ళున్నారు, అక్కడ ఫరవాలేదు. డ్రై ఫ్లైకి మాత్రం కొసన మెత్తటిదే ఉండాలి.

మెత్తదనం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం పెన్సిల్వేనియాలో స్టేట్ కాలేజ్, బెల్‌ఫాంట్ ఊళ్ళ మధ్య పారే స్ప్రింగ్ క్రీక్ అనే వాగు. సున్నపురాతి నేలల్లోంచి ఊటనీళ్ళు వస్తాయి కాబట్టి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది, నిండా అక్కడే పుట్టి పెరిగిన బ్రౌన్ ట్రౌట్. దాని ఒడ్డున ఫిషర్మన్స్ ప్యారడైజ్ అనే చోట నిలబడి చూడండి, మీ కాళ్ళ ముందు నీళ్ళు ఒక వడిలో పోతుంటాయి, అవతల చేప ఉన్నచోట ఇంకో వడి. మధ్యలో వేగంగా పోయే పాయ మీ లైన్‌ని లాగుతుంది, లైన్ లీడర్‌ని, లీడర్ ఫ్లైని. చేప కళ్ళముందు ఫ్లై ఏటవాలుగా గీత గీసుకుంటూ పోతే అది నోరు తెరవదు. పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఏళ్ళతరబడి ఫ్లై ఫిషింగ్ పాఠాలు చెప్పిన జార్జ్ హార్వీ ఈ సమస్యకి లీడర్‌లోనే జవాబు వెతికారు. పైన మరీ లావు దారం వద్దు, 0.017 దగ్గర మొదలుపెట్టండి, పైన గట్టిది, కింద మెత్తది కట్టండి, అప్పుడు ఊపు చివరికొచ్చేసరికి అరిగిపోయి టిప్పెట్ మెలికలు మెలికలుగా నీళ్ళమీద వాలుతుంది, ఆ మెలికలు సాగేదాకా ఫ్లై స్వేచ్ఛగా కొట్టుకుపోతుంది అన్నది ఆయన పద్ధతి సారం. ఆ నాలుగైదు అడుగుల స్వేచ్ఛలోనే చేప పైకొచ్చి తీసుకుంటుంది. ఆ వాగులో దీన్ని కళ్ళారా చూశాక లీడర్ అంటే ఏదో ఒక దారం అనే మాట నా నోట రాదు.

నేను కట్టేది ఆయన ఆలోచన మీద ఆధారపడిందే, కొలతలు నా చేతికి సరిపడా పెట్టుకున్నవి. కెమీలియన్ 20 పౌండ్లది 24 అంగుళాలు, 15 పౌండ్లది 20, 10 పౌండ్లది 18, 8 పౌండ్లది 14, ఆ తర్వాత మెత్తటి నైలాన్ 3ఎక్స్ 14 అంగుళాలు, చివర 5ఎక్స్ 30 అంగుళాలు. మొత్తం పది అడుగులు. ముక్కల మధ్య లావు తేడా రెండు మూడు వెయ్యో వంతులు దాటకుండా చూసుకోండి, దాటితే రెండు ముక్కల్ని కలిపే బ్లడ్ నాట్ అనే ముడి సరిగ్గా కూర్చోదు. ముడికి రెండువైపులా నాలుగైదు చుట్లు, ఉమ్మితో తడిపి, ఒక్క ఊపులో కాకుండా నిదానంగా లాగాలి, ఎందుకంటే పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. పై చివర పర్ఫెక్షన్ లూప్ అనే ఉచ్చుముడి వేస్తే ఇప్పటి ఫ్లై లైన్లకి ఉండే లూప్‌లో నేరుగా తగిలించొచ్చు. చివరి టిప్పెట్ మార్చడానికి సర్జన్స్ నాట్ అనే సులువైన ముడి చాలు, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా వెయ్యొచ్చు.

వాగు దగ్గరికెళ్ళాక కొలతలు అలాగే ఉంచాలనేం లేదు. టిప్పెట్ చాచినట్టు తిన్నగా పడుతుంటే ఇంకో ఆరు అంగుళాలు కలపండి, కుప్పగా పడుతుంటే కాస్త కత్తిరించండి. ఫ్లై సైజు నంబరుని మూడుతో భాగిస్తే ఏ ఎక్స్ కావాలో దాదాపుగా తెలుస్తుంది, 16వ నంబరుకి 5ఎక్స్, 12కి 4ఎక్స్. మే, జూన్ సాయంత్రాల్లో సల్ఫర్ అనే వాగు పురుగులు లేచేటప్పుడు 16వ నంబరు ఫ్లైకి నా లీడర్ అలాగే సరిపోతుంది.

ఇక రెడీమేడ్ లీడర్లు. ముడుల్లేకుండా ఒకే దారం లావు నుంచి సన్నానికి వచ్చేవి, అయిదారు డాలర్లకి దొరుకుతాయి, మొదటిరోజు వాగుకి వెళ్ళేవాళ్ళు తొమ్మిది అడుగుల 5ఎక్స్ కొనుక్కుని హాయిగా వెళ్ళొచ్చు. నాచు ఎక్కువగా ఉన్న నీళ్ళలో అయితే ఇవే మేలు, చేత్తో కట్టిన లీడర్‌కి ముడిముడికీ నాచు పట్టుకుంటుంది, ఆగస్టులో ఆ తీసేపనితోనే పొద్దు గడిచిపోతుంది. ఇది కట్టుకునే లీడర్లలో ఉన్న అసలు లోపం, దీనికి మందు లేదు. కాకపోతే రెడీమేడ్‌తో వేరే చిక్కుంది. ఫ్లై మార్చిన ప్రతిసారీ కాస్త కాస్త కత్తిరిస్తాం కదా, సన్నటి భాగం ఎక్కడ అయిపోయి లావు ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు, మధ్యాహ్నానికి మీ 5ఎక్స్ కాస్తా 4ఎక్స్ అయి ఉంటుంది, పొద్దున తీసుకున్న చేపలు ఇప్పుడెందుకు తీసుకోవట్లేదని మీరు ఫ్లైని అనుమానిస్తూ ఉంటారు. ముడులున్న లీడర్‌లో ఏ ముక్క ఎంత మిగిలిందో చూడగానే తెలిసిపోతుంది. రెడీమేడ్ వాడాలనుకుంటే కొత్తది తియ్యగానే చివర రెండు మిల్లీమీటర్ల టిప్పెట్ రింగ్ అనే చిన్న ఉంగరం కట్టి దాని నుంచి టిప్పెట్ వేసుకోండి, లీడర్ అరగదు.

కెమీలియన్‌తో ఇంకో చిరాకు, స్పూల్ మీద ఉన్నన్నాళ్ళూ చుట్టుకుని ఉంటుంది కాబట్టి బయటికి తీస్తే ఆ చుట్టలు వాటంతటవే పోవు, గట్టి నైలాన్ ఏదైనా ఇంతే. అరచేతిలో గట్టిగా పట్టుకుని నాలుగుసార్లు లాగితే ఆ వేడికి సాగి తిన్నగా అవుతుంది, చలికాలంలో ఎక్కువసార్లు లాగాలి. దానికి ఓపిక లేనివాళ్ళకి ఇది నచ్చదు.

ఫ్లోరోకార్బన్ అనే ఇంకో రకం దారం కొనాలా అని అడుగుతారు, రెండింతలకి పైగా ధర పెట్టి. అది నైలాన్ కన్నా బరువు, నీళ్ళలో మునుగుతుంది, వెలుగుని వంచే తీరులో నీళ్ళకి దగ్గరగా ఉంటుంది కాబట్టి తక్కువ కనిపిస్తుంది, రాళ్ళకి ఒరుసుకున్నా తట్టుకుంటుంది. నీటి అడుగున నింఫ్‌లు (మునిగే ఫ్లైలు) వాడేటప్పుడు టిప్పెట్ వరకు పెట్టే డబ్బుకి న్యాయమే. డ్రై ఫ్లైకి నాకు అవసరం కనిపించలేదు. గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది, ఫ్లోరోకార్బన్ ఎండకీ నీళ్ళకీ అంత తేలిగ్గా పాడవ్వదు, అంటే మీరు ఒడ్డున పారేసిన ముక్క ఏళ్ళకేళ్ళు అక్కడే ఉంటుంది, పక్షుల కాళ్ళకి చుట్టుకుంటుంది. నైలాన్ ముక్క అయినా సరే జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వెయ్యండి, ఈ విషయంలో నేను రాజీపడను.

సస్కెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేపకి ఇంత నాజూకు అక్కర్లేదు. 25 పౌండ్ల కెమీలియన్ మూడడుగులు, 15 పౌండ్లది రెండడుగులు, 10 పౌండ్లది రెండడుగులు, అంతే, బరువైన ఫ్లై కూడా తిరిగి పడుతుంది. సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు కొర్రమీను మీద ఫ్లై ప్రయత్నిస్తామనే మిత్రులకి కూడా ఇదే స్పూల్ చెబుతాను. కలువాకులు, తూటాకుల మధ్య అది ఎరని పట్టి అడుగుకి లాగేస్తుంది, నోట్లో పళ్ళుంటాయి, అక్కడ సన్నటి టిప్పెట్ ఆలోచనే వద్దు, 25 పౌండ్లది ఆరడుగులు ఒకే ముక్కగా కట్టుకోండి.

డబ్బు చూసుకుని కొనేవాళ్ళు ముందు 20, 10 పౌండ్ల కెమీలియన్, మెత్తటి 5ఎక్స్ తీసుకోండి, 15, 8 పౌండ్లవి, 3ఎక్స్ తర్వాత కొనొచ్చు. ఈలోగా పాత రెడీమేడ్ లీడర్ మధ్యభాగాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి ఆ లావు ముక్కలుగా వాడుకోవచ్చు. స్పూళ్ళని కారు డాష్‌బోర్డ్ మీద ఎండలో వదలకండి, ఎండకి నైలాన్ పెళుసవుతుంది. టిప్పెట్ మాత్రం ఏడాదికోసారి కొత్తది కొనండి, కెమీలియన్ లావు సైజులు చీకట్లో పెట్టుకుంటే అంతకన్నా చాలా ఎక్కువకాలం వస్తాయి.